కుడికి రెండున్నర అడుగులు

మూడోసారి కూడా కుప్పుస్వామి బస్సు కుడివైపే తగిలింది.

నిజం బస్సు కాదు లెండి. వేలూరులో కాట్పాడి రోడ్డు మీద, టైర్ల కొట్టుకూ జిరాక్సు కొట్టుకూ నడుమ ఒక హాలుంది. అందులో నేలకు బిగించిన డ్రైవరు సీటు, పాత బస్సులోంచి ఊడబెరికి తెచ్చిన స్టీరింగు, గేరు కడ్డీ, కాళ్ళ కింద మూడు పెడళ్ళు, ఎదురుగా మూడు పెద్ద తెరలు. తెరల మీద రోడ్డు పరుగెడుతుంది, సీటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ప్రైవేటు బస్సుల యజమానులు తమ డ్రైవర్లను ఇక్కడికి పంపి పరీక్ష చేయిస్తారు. నూటికి అరవై వస్తే మళ్ళీ బండెక్కొచ్చు. వారానికొకటి చొప్పున మూడు దఫాలిస్తారు. మూడింట్లోనూ రాకపోతే ఇక స్టీరింగు మీద ఆశ వదులుకోవాల్సిందే.

భువన హాలు చివర కంప్యూటరు ముందు కూర్చుని చూస్తోంది. ఊరు గుడియాత్తం. రోజూ పొద్దున బస్సులో వచ్చి సాయంత్రం బస్సులో పోతుంది. తెర మీద వాన కురిపించాలన్నా, మంచు దించాలన్నా, సందులోంచి షేర్ ఆటోను ఉన్నట్టుండి రోడ్డెక్కించాలన్నా అంతా ఆమె వేలి కిందే. ఇరవై నాలుగేళ్ళ పిల్ల యాభై మూడేళ్ళ డ్రైవరుకు మార్కులు వేయడమంటే మొదట్లో సిగ్గేసేది. ఇప్పుడు అలవాటైపోయింది.

తెర మీద ఎదురుగా లారీ వచ్చింది. కుప్పుస్వామి కంగారు పడలేదు. ఒక గేరు తగ్గించి, స్టీరింగు అంగుళమంత ఎడమకు తిప్పి లారీకి దారిచ్చాడు. ఇరవై ఏడేళ్ళుగా చేస్తున్న పని, మోచేయి కూడా కదల్లేదు. చక్కగా దాటేస్తాడనే అనుకుంది భువన. అంతలో టంగుమని మోగి తెర ఎర్రబడింది. బస్సు కుడి అద్దం లారీకి కొట్టుకుంది. తర్వాత మలుపులో రోడ్డు నడిమి గోడకు కుడి చక్రం రాసుకుంది. ఆ తర్వాత ఆగిన ఆటో వెనక బ్రేకు ఆలస్యంగా పడింది. కుప్పుస్వామి మెడ వెనక చెమట కాలరులోకి దిగుతోంది. పరీక్ష ముగిసేసరికి నలభై ఒకటి.

ఆయన సీటు మీద పరుచుకున్న తువ్వాలు తీసి దులిపి, మడిచి భుజాన వేసుకున్నాడు. తెరల వంక ఒకసారి, సీటు వంక ఒకసారి చూశాడు.

“అమ్మా, ఈ బండిలో నేను కూచోవాల్సిన చోట కూచోలేదమ్మా.”

“సీటు ముందుకి జరపల్లా అయ్యా?”

“సీటు కాదు.” ఏదో చెప్పబోయి రెండు చేతులూ గాల్లో పెట్టి, అటూ ఇటూ కదిపి, మాట దొరక్క దించేశాడు. “ఏందో. రోడ్డు నా మీదికి వచ్చే తీరు వేరేగా ఉండాది.”

పక్కనే నిలబడ్డ గుణశేఖర్ నవ్వాడు. ఆ పరీక్షా కేంద్రం ఆయనదే. కావేరిపాక్కం మనిషి, ఇంట్లో తెలుగు, ఆఫీసులో అరవం. “పాసైనోడు మిషను మంచిదంటాడు, ఫెయిలైనోడు తప్పు మిషను మీద వేస్తాడు. పరవాలే పెద్దాయనా, యాభై దాటినాక అందరి కండ్లూ అంతే,” అన్నాడు.

ప్రింటరులోంచి కాగితం వచ్చింది. దూరం అంచనా: లోపం. పక్క దూరం అంచనా: లోపం. ఆ మాటలు కంప్యూటరే రాసుకుంటుంది, కింద సంతకం మాత్రం భువన పెట్టాలి. పెట్టింది. కుప్పుస్వామి కాగితాన్ని రెండు చేతులా అందుకుని, నాలుగు మడతలు పెట్టి, లైసెన్సు ఉన్న జేబులోనే పెట్టుకున్నాడు. పోతూ పోతూ తెరలకు దణ్ణం పెట్టినట్టు తల వంచాడో, చెప్పులు వెతుక్కున్నాడో ఆమెకు తెలియలేదు.

మరునాడు పొద్దున గుడియాత్తం బస్టాండులో భువన ఆయన్ని చూసింది. ఖాకీ చొక్కా లేదు. చేతిలో నోటుబుక్కు, చెవిలో పెన్ను, ముక్కు మీద కొత్త కండ్లద్దాలు. మొదటి దఫా తప్పినప్పుడే కంపెనీ వాళ్ళు ఆయన్ని బస్సులు వచ్చే పోయే టైములు రాసే పనిలో పెట్టారు. ఆయన తోలే ఐదు నలభై బండి ఇప్పుడు ఇంకొకరి చేతిలో ఉంది.

అది కాదు ఆమెను పట్టి నిలబెట్టింది. ఆయన టీ తాగడానికి రోడ్డు అవతలికి పోవాలి. రోడ్డు అంచున నిలబడ్డాడు. దూరంగా, ఎక్కడో చింతపండు మండీ దగ్గర ఒక ఆటో వస్తోంది. చిన్నపిల్లలు కూడా గెంతుకుంటూ దాటేసేంత సందుంది. ఆయన దాటలేదు. ఆటో పోయింది. ఒక టౌను బస్సు పోయింది. ఒక కాలు కిందికి దించి, మళ్ళీ పైకి తీసుకున్నాడు. చివరికి టీ వద్దనుకుని వెనక్కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

భువన బస్సెక్కింది గానీ మనసు అక్కడే ఉండిపోయింది. నిన్న ఆ మనిషి లారీని చూసి గేరు తగ్గించిన తీరు ఆమెకు గుర్తొచ్చింది. కండ్లు పోయినవాడు అలా గేరు తగ్గించడు.

ఆఫీసుకు రాగానే పాత పరీక్షల జాబితా తెరిచింది. ఐదు నెలల్లో మూడు దఫాలూ తప్పినవాళ్ళు పదకొండు మంది. కుప్పుస్వామి పదకొండోవాడు. ఒక్కొక్కరికీ ఎక్కడెక్కడ తగిలిందో చూసుకుంటూ పోయింది. లారీ అద్దం, కుడివైపు. నడిమి గోడ, కుడివైపు. వన్‌వే వంతెన పిట్టగోడ, కుడివైపు. పదకొండు మందిలో ఒక్కడు కూడా ఎడమ పక్క దేన్నీ తాకలేదు. అందరూ నలభై దాటినవాళ్ళే, పాతికేళ్ళుగా బస్సు తప్ప ఇంకో బతుకు తెలియనివాళ్ళు. కొత్తగా లైసెన్సు తీసుకున్న కుర్రాళ్ళేమో డెబ్భై, ఎనభై తెచ్చుకుని ఈలవేసుకుంటూ పోయారు.

పదకొండు మందికీ ఒకే పక్క కండ్లు పోతాయా?

ఆమె సాఫ్ట్‌వేరులో కెమెరా పేజీ తెరిచింది. తెర మీద కనిపించే లోకాన్నంతా చూసేది ఆ కెమెరాయే. అది ఎక్కడుంటే డ్రైవరు కన్ను అక్కడున్నట్టు. పక్కకు జరుపు: సున్నా. సున్నా అంటే బస్సుకు నట్టనడుమ. మన బస్సులో డ్రైవరు నడుమ కూర్చోడు, కుడిపక్క కూర్చుంటాడు. ఎత్తు చూసింది, ఉండాల్సినదానికంటే జానెడు పైన ఉంది. చూపు వెడల్పు చూసింది, శానా ఎక్కువ. వెడల్పు ఎక్కువైతే ఎదుటి వస్తువు చిన్నదై, దూరంగా ఉన్నట్టు అనిపిస్తుంది.

ఇలా ఎవరు పెట్టారని ఒక్క క్షణం కోపమొచ్చింది. మరుక్షణం గుర్తొచ్చింది. పెట్టింది తనే.

ప్రారంభోత్సవం నాటి సంగతి. స్టీరింగుకు పూలదండ వేశారు, సీటు కాళ్ళ కింద నాలుగు నిమ్మకాయలు పెట్టారు. కదలని బండికి నిమ్మకాయలెందుకని ఎవరూ అడగలేదు. శాలువాలు కప్పించుకున్న పెద్దమనుషులు సీటు వెనక వరసగా నిలబడ్డారు. అక్కణ్ణుంచి చూస్తే కిటికీ కమ్మి అడ్డం, రోడ్డు ఒక పక్కకు ఒరిగినట్టు. “ఏమప్పా, రోడ్డు సగమే కనబడతా ఉండాది?” అన్నాడు అందులో ఒకాయన. గుణశేఖర్ ఆమెకు కన్ను గీటాడు. భువన రెండు నిమిషాల్లో బస్సు లోపలి భాగాన్ని తెర మీద కనబడకుండా తీసేసి, కెమెరాను నడిమికి జరిపి, పైకెత్తి, చూపు వెడల్పు పెంచింది. రోడ్డంతా అరచేతిలో పెట్టినట్టు వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఉత్సాహంలో సేవ్ నొక్కింది. ఇక దాన్ని మళ్ళీ ముట్టుకోవాలని ఎవరికీ తోచలేదు. ఆమె తోలేది స్కూటీ. సీట్లో కూర్చున్నా ఆమెకు తేడా తెలిసేది కాదు.

సీట్లో కూర్చునే మనిషి కోసం పెట్టిన కన్ను, సీటు వెనక నిలబడేవాళ్ళ కోసం జరిగిపోయింది. పాత డ్రైవరుకు బస్సు కుడి గోడ తన మోచేతి పక్కనే ఉంటుందని ఒళ్ళంతటికీ తెలుసు. తెరలో ఆ గోడ ఇంకో రెండున్నర అడుగులు అవతలుంది. ఎంత అనుభవముంటే అంత గట్టిగా తగులుతాడు. కొత్తవాడికి ఆ ఇబ్బంది లేదు, వాడికి ఎక్కడ కూర్చున్నా ఒకటే.

గుణశేఖర్‌కు చెప్పింది. ఆయన లేచి తలుపు మూసొచ్చాడు.

“ఇప్పుడు సరి చేసేయ్.”

“చేస్తాను సార్. ఆ పదకొండు మంది?”

“అది కదిలించొద్దు. మిషను తప్పంటే రేపు ఎవడు పంపిస్తాడు మనకి డ్రైవర్లని? ఇక్కడ నలుగురం బతకతా ఉండాము.” ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. “తెలిసి చేసింది కాదు గదా. విడు.”

భువన విడిచిపెడదామనే చూసింది. ఆ సాయంత్రం నేరుగా ఇంటికి పోయి, అన్నం తిని, టీవీ ముందు కూర్చుంది. ఏం చూసిందో అడిగితే చెప్పలేకపోయేది.

మర్నాడు గురువారం. సాయంత్రం బస్సు దిగి, బస్టాండులో ఒకరిద్దరిని అడిగి, కుప్పుస్వామి ఇల్లు వెతుక్కుంటూ పోయింది. లుంగీ మగ్గాల టకటకలున్న వీధి. ఆయన భార్య చెంగమ్మ వాకిట్లో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. కుప్పుస్వామి అరుగు మీద కూర్చుని ఈగ వాలినా తోలుకోనట్టున్నాడు.

“ఎవరు పాపా నువ్వు?” అంది చెంగమ్మ, చేతులాపకుండా.

“వేలూరు మిషను కాడ పనిచేస్తా అత్తా.”

చేతులు ఆగాయి. “ఇంకేమి మిగిలిందని వచ్చినావమ్మా?”

“ఏయ్, ఊరుకో,” అన్నాడు కుప్పుస్వామి. “కూచో అమ్మా. కాఫీ తాగతావా?”

భువన కూర్చోలేదు. కూర్చుంటే మాట రాదనిపించింది. “మామా, మీ కండ్లకి ఏమీ కాలేదు. తప్పు నాది. కెమెరా తప్పు చోట పెట్టినా.”

ఆయనకు అర్థం కాలేదు. భువన అరుగు కుడి కొసన ఆయన్ని కూర్చోమంది. “ఇది బస్సు ముందు భాగం అనుకోండి. మీరుండేది ఇక్కడ. కుడి చెయ్యి చాపండి.” అరుగు అంచు చేతికి తగిలింది. తర్వాత ఆయన్ని అరుగు నడిమికి జరిపింది. “మిషనులో మిమ్మల్ని ఇక్కడ కూచోబెట్టి, కుడి కొసన ఉండారని చెప్పినట్టు మామా. ఇప్పుడు చాపండి.” ఆయన చేయి చాపాడు. గాలి తప్ప ఏమీ తగల్లేదు. చేయి అలాగే ఉంచి, ఇంకా కొంచెం ముందుకు వంగి, వెతికాడు. తర్వాత చేయి దించుకుని మోకాలి మీద పెట్టుకున్నాడు.

“మొదటిసారి తప్పినాక కండ్ల డాక్టరు కాడికి పోయినానమ్మా,” అన్నాడు. “దూరం చూపు బాగుండాది, చదివేటప్పుడు మాత్రం అద్దాలు పెట్టుకో అన్నాడు. నేను నమ్మలా. డాక్టరుకి తెలీదు, మిషనుకి తెలుసు అనుకున్నా.”

“చదివేదానికి ఇచ్చిన అద్దాలు దూరానికీ పెట్టుకుంటా ఉండాడు,” అంది చెంగమ్మ. “మోపెడ్ తాళం అల్లుడి చేతికిచ్చేసినాడు. మనవరాలిని బడి కాడ దించేది నిలిపేసినాడు. రోడ్డు దాటల్లంటే నా చెయ్యి పట్టుకుంటా ఉండాడు పాపా. ఇరవై ఏడేండ్లు గుడియాత్తానికీ వేలూరుకీ బస్సు తోలినోడు.”

“నువ్వు తెలిసి చేసినావా?” అని అడిగాడు కుప్పుస్వామి.

“లేదు మామా.”

“తెలిసి ఎన్నాళ్ళయింది?”

“నిన్న మధ్యాహ్నం.”

“అయితే నిన్న సాయంత్రమే రావల్ల.”

భువనకు తల కొట్టేసినట్టయింది. తిట్టి ఉంటే ఏడ్చి ఊరుకునేది. దానికీ వీల్లేకుండా చేశాడు. చెంగమ్మ కాఫీ తెచ్చిస్తే, చక్కెర ఎక్కువై గొంతులో అంటుకుంటున్నా మారు మాట్లాడకుండా తాగింది.

ఆదివారం హాలు తెరిపించడానికి గుణశేఖర్‌ను ఒప్పించేసరికి శుక్ర, శనివారాలు గడిచాయి. “ఒక్కసారి చూద్దాం. అంతే,” అని తాళం తీసుకుని తనూ వచ్చాడు, మూల కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటూ.

కుప్పుస్వామి ఖాకీ చొక్కా వేసుకుని వచ్చాడు. అద్దాలు జేబులో ఉన్నాయి. తువ్వాలు మడిచి సీటు మీద వేసి కూర్చున్నాడు.

“ముందు బండి లోపలంతా చూపించమ్మా. అదేమి, గాల్లో తేలినట్టు రోడ్డొక్కటే?”

ఎంత జరపాలో పాత డ్రైవరే చెప్పాలని అంకెలను అప్పటిదాకా ముట్టుకోని భువన మీట నొక్కింది. తెరల మీద కిటికీ కమ్ములు, ముందు అద్దం, దాని మీద వైపర్లు వచ్చాయి. అన్నీ నట్టనడిమి నుంచి చూసినట్టు ఉన్నాయి. కుప్పుస్వామి ఆ బొమ్మను చూసి ముక్కున వేలేసుకున్నాడు. “నడవాలో కూచున్నాను గదా. కండక్టరు కూడా ఇక్కడ నిలబడడు. జరుపు కుడికి.”

ఆమె జరిపింది. అంకెలు ఒక్కొక్కటీ పెరిగాయి. ఆయన కుడి మోచేయి ఎత్తి, లేని కిటికీ మీద ఆనించినట్టు పెట్టుకున్నాడు.

“ఇంకా. ఇంకా రానీ. నా చెయ్యి కిటికీ కట్ట మీద కూచోవల్ల. ఆ... ఆగు. ఒక రవ్వ ఎనక్కి. అక్కడ.”

పక్కకు జరుపు డెబ్భై ఆరు సెంటీమీటర్లు. రెండున్నర అడుగులు.

“ఇప్పుడు దించు. నేనేమన్నా టాపు మీద కూచున్నానా?” దించింది. “ఆ మైలురాయి అంత దూరంలో యాడుంటాది? దగ్గరికి తే.” వెడల్పు తగ్గించింది. రోడ్డు ఒక్కసారిగా పెద్దదై ముందుకొచ్చింది. ఆయన వీపు సీటుకు ఆనింది. భుజాలు కిందికి దిగాయి. మూడు వారాల్లో ఆయన అలా కూర్చోవడం భువన చూడలేదు.

“ఇంక ఒకటే. నా వైపరు కొస రోడ్డు ఎడమ పక్క తెల్లగీత మీద కూచుంటే, ఎడమ చక్రం గీతకి అడుగు లోపల ఉన్నట్టు. అది నా కొలత. సరిగ్గా ఉండాదా చూడు.”

ఆయన బండిని నెమ్మదిగా తోలి, వైపరు కొసను గీత మీద నిలిపి ఆపాడు. భువన కంప్యూటరులో ఇంకో కెమెరా తీసుకుని బస్సు నెత్తి మీదికి పోయి, పైనుంచి కిందికి చూసింది. ఎడమ చక్రానికీ గీతకూ నడుమ కొలిచింది. ముప్పై ఒక సెంటీమీటర్లు.

“అడుగే మామా.”

“ఉండకుండా యాడికి పోతాది.”

లారీ వచ్చింది, దాటింది. మలుపు వచ్చింది, నడిమి గోడను అంటకుండా బస్సు ఒయ్యారంగా తిరిగింది. సందులోంచి ఆటో దూరితే చిన్నగా బ్రేకు వేసి, అలవాటు చొప్పున ఆటోవాణ్ణి ఏదో గొణిగాడు కూడా. ఎనభై ఎనిమిది. తగ్గిన పన్నెండూ హారను ఎక్కువ కొట్టినందుకు. “హారను లేకుండా మన పక్క బస్సు తోలేది ఎట్ల?” అన్నాడు. మూల కుర్చీలో గుణశేఖర్ ఫోను జేబులో పెట్టేశాడు.

ఆయన అప్పటికే ఒక కాగితం టైపు చేయించి పెట్టుకున్నాడు. అరవంలో ఉంది. కుప్పుస్వామి అద్దాలు తీసి పెట్టుకుని, ఒక్కొక్క మాటా పెదాలు కదుపుతూ చదివాడు. ‘దూరం అంచనాలో లోపం ఉండింది. ప్రత్యేక శిక్షణతో సరైంది. బస్సు నడపడానికి యోగ్యుడు.’

“రేపే మీ యజమానికి పంపిస్తా. బండి మీకొస్తాది. తక్కిన పదిమందిని కూడా ఒక్కొక్కరిగా పిలిచి ఇట్లే చేస్తాం. ఎవరికీ నష్టం లేదు,” అన్నాడు గుణశేఖర్. అబద్ధమాడుతున్నట్టు కాదు, అందరికీ మంచి చేస్తున్నట్టే అన్నాడు.

కుప్పుస్వామి పెన్ను అడిగాడు. సంతకం పెట్టాడు. “బండి దొరికితే చాలు సార్.”

భువనకు ఉసూరుమంది. ఈ మనిషి పెట్టనంటాడని, కాగితం విసిరికొడతాడని ఆమె ఆశ. ఆ ఆశ పడినందుకు వెంటనే సిగ్గేసింది కూడా. ఆయన బతుకు ఆయనది. తన తప్పు కప్పే పని ఆయన నెత్తిన పెట్టి, కప్పితే ఎందుకు కప్పావని చూస్తోంది. న్యాయమా ఇది?

“నువ్వూ పెట్టు భువనా,” అన్నాడు గుణశేఖర్.

ఆమె కాగితం దగ్గరికి లాక్కుంది. సంతకం చోట పెన్ను ఆనించి, ఎత్తి, దాని కింద ఖాళీలో రాయడం మొదలుపెట్టింది. గుండ్రటి అరవ అక్షరాలు, బడిలో రాసినట్టు.

“ఏం రాస్తా ఉండావు? ఆ పేపరు యజమాని దేవరాజులు అయ్య చేతికి పోవల్ల.”

“తెలుసు సార్.”

కుప్పుస్వామి వంగి చూశాడు. “చదువమ్మా. నాకు అద్దాలున్నా నీ రాత అర్థం కాలా.”

చదివింది. “పైన రాసింది నిజం కాదు. ఇతని చూపులో లోపం లేదు. బస్సులో డ్రైవరు కన్ను ఉండాల్సిన చోట కెమెరా పెట్టకుండా నేను తప్పుగా పెట్టినాను. అందువల్ల పదకొండు మంది డ్రైవర్లు తప్పినారు. భువన.”

గుణశేఖర్ కాగితం తన వైపు తిప్పుకుని మళ్ళీ చదివాడు.

“ఇట్ల రాస్తే నీ పని?” అన్నాడు కుప్పుస్వామి.

“పోతే పోనీ మామా.” పోతే ఏం చేస్తుందో ఆమె ఆలోచించలేదు.

ఆయన పెన్ను ఆమె చేతిలోంచి తీసుకున్నాడు. పైన తను పెట్టిన సంతకం మీద ఒక గీత గీశాడు, అది చాలక అడ్డంగా ఇంకోటి. కాగితాన్ని కిందికి జరిపి, భువన పేరు పక్కన, మొదటిదానికంటే పెద్దగా, మళ్ళీ సంతకం చేశాడు.

“నా పేరు అక్కడ వద్దు,” అన్నాడు గుణశేఖర్‌తో. “ఇక్కడ ఉండనీ.”

గుణశేఖర్ ఆ కాగితాన్ని చింపగలడు. చింపలేదు. “నేను పంపను. మీ ఇద్దరే ఇచ్చుకోండి,” అని తాళాలు తీసుకుని బయటికి పోయి, వాళ్ళు వచ్చేదాకా మెట్ల మీద నిలబడ్డాడు.

దేవరాజులు మంగళవారం మధ్యాహ్నం తనే వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి, తెల్ల పంచె, మొదటి బస్సు కొన్న కాలంలో తనే తోలుకున్నవాడు. కాగితం ఆయన చేతిలోనే ఉంది. ఎవరినీ పలకరించకుండా చెప్పులు విడిచి సీటెక్కాడు.

“వాళ్ళకి పెట్టిన చూపు పెట్టు.”

భువన పాత అంకెలు పెట్టింది. మొదటి మలుపులోనే గోడ. తర్వాత లారీ. కుడివైపే. ఆయన ఆపి, చేతులు తొడల మీద పెట్టుకున్నాడు. “ముసలోడిని, నా మాట వదిలెయ్. ఇప్పుడు వాడు కూచున్న చూపు పెట్టు.” పెట్టింది. ఎద్దుబండిలా నిదానంగానే పోయాడు గానీ, ఒక్క గీత కూడా పడకుండా చివరిదాకా పోయాడు.

సీటు దిగి ఫోను తీశాడు. “రేపటి నుంచి ఐదు నలభై బండి కుప్పుస్వామిది. తాళం ఈ సాయంత్రమే ఇచ్చేయండి. ఇంటికి పోయి ఇవ్వండి,” అన్నాడు ఎవరితోనో. ఫోను పెట్టి భువన వైపు తిరిగాడు.

“తక్కిన పదిమంది?”

“పిలిపిస్తామయ్యా,” అన్నాడు గుణశేఖర్, ఆమెకంటే ముందు. “మళ్ళా పరీక్ష పెడతాం.”

“పరీక్ష ఎనక. ముందు ఈ పాప వాళ్ళ ముందర నిలబడి ఏమి జరిగిందో చెప్పల్ల.”

గురువారం ఉదయం వాళ్ళు వచ్చారు. నెమిలి నుంచి వచ్చిన చిన్నరాజు రైసుమిల్లులో కాపలా పనిలో ఉన్నాడు, ఆ మిల్లు చొక్కాతోనే వచ్చాడు. ఇంకో ఇద్దరు తమ తమ భార్యల్ని వెంటబెట్టుకుని వచ్చారు. ఒకాయన వచ్చేది లేదన్నా, కొడుకు బలవంతం మీద వచ్చి, తలుపు దగ్గరే కాసేపు నిలబడి, చివరి కుర్చీలో కూర్చున్నాడు. అందరూ లైసెన్సులు చేతిలో పట్టుకుని ఉన్నారు, ఎవరూ అడగకపోయినా.

భువన తెరల ముందు నిలబడింది. రాసుకొచ్చిన కాగితం ఉంది గానీ చూడలేదు. ప్రారంభోత్సవం, పెద్దమనుషులు, కెమెరా, సేవ్ నొక్కడం, అన్నీ చెప్పింది. తను, తన చేతితో, అన్న మాట రెండుసార్లు వచ్చింది. చెప్పడం అయిపోయాక కూడా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

చిన్నరాజు లేచాడు. “అంటే మా కండ్లు బాగుండాయా అమ్మా?”

“అది మీరు కూచుంటే తెలుస్తాది అన్నా. చెడిపోయినాయని నేను చెప్పింది మాత్రం తప్పు.”

ఆయన తల ఊపి కూర్చున్నాడు. వెనక వరసలో ఒక ఆడమనిషి కొంగుతో మొహం తుడుచుకుంది. గుణశేఖర్ వచ్చి సీటు మీది దుమ్ము తనే తుడిచి, “ఎవరు ముందు?” అని అడిగాడు.

డ్రైవర్ల లెక్కకు ముందు వరసలో పదకొండు కుర్చీలు వేశారు. పది నిండాయి. కుప్పుస్వామి కోసం వేసినది ఖాళీగా ఉంది. వస్తానని ఆయనే చెప్పాడు గానీ, ఆ వేళకు ఆయన బస్సు పళ్ళికొండ దాటి, నిండా జనంతో వేలూరు వైపు వస్తూ ఉంటుంది.